చేతితో తిప్పే వాషింగ్ మెషిన్లు: పాత యంత్రాంగాల్లో ఏది ఎవరికి నప్పుతుంది

కరెంటు అక్కర్లేని వాషింగ్ మెషిన్ చేయించుకోవాలనుకునేవాళ్లు చాలామంది తొట్టి ఎంత పెద్దదుండాలి అనే ప్రశ్నతో మొదలుపెడతారు. దానికంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: తొట్టిలో కదిలేది ఏమిటి, దాన్ని కదపడానికి చెయ్యి ఎంత బలం పెట్టాలి. 1760ల నుంచి 1920ల దాకా ఐరోపాలోనూ అమెరికాలోనూ లెక్కలేనన్ని నమూనాలు వచ్చాయి. పైపై తేడాలు పక్కనపెడితే అవన్నీ ఐదు రకాలే. నీటిని బట్టలోంచి తోసే ప్లంజరు, రెండు గరుకు పలకల మధ్య బట్టను రుద్దే ఊగుడు పెట్టె, నిలువు కర్రతో బట్టలను కలియదిప్పే డాలీ, తొట్టి మొత్తాన్నే అటూ ఇటూ తిప్పే యంత్రం, బట్టలను ఎత్తి పడేసే అడ్డ డ్రమ్ము.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వారం వారం నిజంగా వాడుకోవాలంటే అడ్డ డ్రమ్ము చేయించుకోండి. ఖర్చు తగ్గాలన్నా, ఒకరిద్దరి బట్టలే అయినా ప్లంజరు చాలు. డాలీ యంత్రాంగం చూడ్డానికీ నేర్చుకోవడానికీ అన్నిటికన్నా బాగుంటుంది గానీ, చీరలూ పంచెలూ ఉతికే ఇంట్లో ఇబ్బంది పెడుతుంది. మిగతా రెండూ ప్రత్యేక అవసరాలున్నవాళ్లకే. ఎందుకో ఒక్కొక్కటీ చూద్దాం.

చెయ్యి ఎంత పని చేయగలదు

ఆరోగ్యంగా ఉన్న మనిషి పది పదిహేను నిమిషాలు ఆపకుండా పిడి తిప్పితే 40 నుంచి 50 వాట్ల శక్తి వస్తుంది. అంతకు మించి ఆశిస్తే మూడో రోజుకే యంత్రం మూలన పడుతుంది. 25 సెంటీమీటర్ల పొడవున్న పిడిని 4 కిలోల బలంతో నిమిషానికి 40 చుట్లు తిప్పితే దాదాపు 41 వాట్లు. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకుంటే చాలు, ఏ నమూనా మీకు సరిపోతుందో కాగితం మీదే తెలిసిపోతుంది.

పిడి తిరిగే ఇరుసు నేల నుంచి 90–100 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే నిలబడ్డ మనిషి మోచేతి దగ్గర ఉండాలి. అంతకన్నా కిందుంటే నడుం పట్టేస్తుంది, పైనుంటే భుజాలు లాగేస్తాయి. పాత యంత్రాలకు పొడుగు కాళ్లు పెట్టింది ఇందుకే. తొట్టి కింద బకెట్ పెట్టి నీళ్లు వదలడానికి చోటు దొరకడం దానితో వచ్చిన లాభం.

ఇంకో సూత్రం అన్ని రకాలకూ వర్తిస్తుంది: నీటి మట్టం కింద బేరింగు పెట్టకండి. తొలినాటి తయారీదారులకు నమ్మదగ్గ రబ్బరు సీళ్లు లేవు. అందుకే డాలీ ఇరుసును మూతలోంచి దించారు, డ్రమ్ము ఇరుసును నీటికి పైన ఉంచారు. ఈ రోజు సీళ్లు దొరుకుతాయి కదా అని తొట్టి అడుగున రంధ్రం చేసి ఇరుసు ఎక్కిస్తే, సబ్బు నీళ్లూ ఇసుకా కలిసి ఆ సీలును కొన్ని నెలల్లోనే అరగదీస్తాయి.

ప్లంజరు

ఇంగ్లాండు ఇళ్లలో రాగి గంట ఆకారంలో, పొడుగు కర్ర తగిలించి వాడిన పరికరం ఇది. యంత్రమని పిలవడానికి కదిలే భాగాలేవీ లేవు, అదే దీని బలం. కిందికి నొక్కినప్పుడు గంటలో చిక్కిన గాలి నీటిని బట్టలోంచి తోస్తుంది. పైకి లాగినప్పుడు అదే నీరు వెనక్కి వస్తుంది. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గంట మీద 8 కిలోల బలం పెడితే బట్ట మీద పడే ఒత్తిడి పాతిక సెంటీమీటర్ల ఎత్తున్న నీటి ఒత్తిడికి సమానం. వినడానికి తక్కువే, కానీ చెమటా దుమ్మూ వదలడానికి సరిపోతుంది. కాలరు మడతలో పేరుకున్న జిడ్డుకు సరిపోదు, దాన్ని ముందే సబ్బు రాసి నానబెట్టాలి.

20–25 లీటర్ల బకెట్‌లో ఒక కిలో బట్టలు వేసి, నిమిషానికి 40 పోట్ల చొప్పున ఐదారు నిమిషాలు పొడిస్తే ఒక విడత అయినట్టు. రెండు మూడు పోట్లకొకసారి కర్రను కొంచెం పక్కకు జరపాలి, లేకపోతే ఒకే చోట బట్ట నలిగి మిగతాది మురికిగానే ఉంటుంది. గంట పైభాగంలో నాలుగైదు మిల్లీమీటర్ల రంధ్రాలు కొన్ని ఉండాలి. అవి మూసుకుపోతే పైకి లాగినప్పుడు బట్ట మొత్తం గంటకు అతుక్కుని లేస్తుంది, పల్చటి బట్టయితే చిరుగుతుంది. కొనేటప్పుడు గంట అంచును వేలితో తడిమి చూడండి. అంచు గుండ్రంగా లోపలికి మడిచి ఉండాలి. కర్ర గంటలోకి దిగే చోట మేకు కాకుండా అడ్డంగా బోల్టు ఉండాలి, ఎందుకంటే ముందుగా వదులయ్యేది అక్కడే. బకెట్ నేల మీద కాకుండా పీట మీద పెడితే నడుము నొప్పి సగం తగ్గుతుంది.

ఊగుడు పెట్టె

అడుగు వంపుగా ఉన్న కొయ్య పెట్టె, దానిలో అడ్డబద్దలు, పైన అదే వంపుతో ఇంకో బద్దల పలక. పై పలకను ముందుకూ వెనక్కూ ఊపితే మధ్యలో బట్ట నలుగుతుంది. రుద్దుడు పలకకు చక్రాలు లేని యంత్ర రూపం అనుకోవచ్చు. వడ్రంగి ఒక్కడే రెండు రోజుల్లో చేసేయగలడు, మరమ్మతు సులువు. ముతక గోనె గుడ్డలూ, పని దుస్తులూ బాగా శుభ్రపడతాయి. కానీ బొత్తాలు విరుగుతాయి, మెత్తటి నూలు త్వరగా పల్చబడుతుంది, బట్టలు ఒక పక్కకు పోగై పలక ఎత్తుకుపోతుంది. బడిలో ప్రదర్శనకు పనికొస్తుంది, ఇంటికి మాత్రం వద్దనే చెబుతాం.

డాలీ: అందమైన యంత్రాంగం, పట్టించుకోవలసిన వివరాలు

జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో యాకబ్ క్రిస్టియన్ షేఫర్ 1760ల్లో ప్రచారం చేసిన యంత్రం ఈ కోవలోదే: తొట్టిలోకి దిగిన నిలువు ఇరుసు, దాని అడుగున కొయ్య మేకులు, పైన పిడి. 1874లో ఇండియానా రాష్ట్రం బ్లఫ్టన్‌లో విలియం బ్లాక్‌స్టోన్ చేసినదీ, 1907లో అయోవా రాష్ట్రం న్యూటన్‌లో వ్యవసాయ పనిముట్ల తయారీదారు మేటాగ్ అమ్మకానికి తెచ్చిన 'పాస్‌టైమ్' కూడా ఈ వంశమే. జర్మనీలో మీల కంపెనీ 1901లో తెచ్చిన ఓక్ చెక్క వాషింగ్ మెషిన్ దాని వెన్న చిలికే యంత్రం నుంచే పుట్టింది. మజ్జిగ కవ్వం ఆడించిన చేతికి ఈ కదలిక కొత్త కాదు: ఒకవైపు తిప్పి ఆపి, రెండో వైపు తిప్పడం. ఈ ఎదురు తిప్పుడే డాలీకి ప్రాణం. ఒకే దిక్కున తిప్పుకుంటూ పోతే బట్టలన్నీ మేకులకు చుట్టుకుని ఒక ముద్దగా తిరుగుతాయి, నీరు వాటిలోంచి పోదు.

కొలతలు ఇలా పెట్టుకోండి. తొట్టి వ్యాసం 50 సెంటీమీటర్లు, నీటి లోతు 25 సెంటీమీటర్లు, అంటే దాదాపు 49 లీటర్లు. బట్టలు 2 నుంచి 2.5 కిలోలు. అడుగు పళ్ళెం వ్యాసం 25–28 సెంటీమీటర్లు, దానికి నాలుగు మేకులు, ఒక్కోటి 12–14 సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్లకు తగ్గని మందం, కొనలు గుండ్రంగా. మేకు కొనకూ తొట్టి అడుగుకూ మధ్య 4–5 సెంటీమీటర్ల ఖాళీ తప్పనిసరి. ఖాళీ తగ్గితే బట్ట అక్కడ ఇరుక్కుని మేకు విరుగుతుంది, లేదా బట్టకు రంధ్రం పడుతుంది.

పాత డాలీ యంత్రాల్లో మాకు బాగా నచ్చిన ఆలోచన చదరపు ఇరుసు. ఇరుసు పళ్ళ చక్రం మధ్యలోని చదరపు రంధ్రంలోంచి పైకీ కిందికీ జారుతుంది. బట్టలు ఎక్కువైతే డాలీ తనంతట తాను పైకి లేస్తుంది, అవి నాని కుదించుకుపోగానే కిందికి దిగుతుంది. గుండ్రటి ఇరుసుకు స్క్రూ బిగించి డాలీ ఎత్తును స్థిరం చేసిన నమూనాలు చేతికి బరువవుతాయి, బట్టలనూ నలిపేస్తాయి. కొత్తగా చేయించేవాళ్లు ఈ ఒక్క విషయంలో రాజీపడవద్దు.

తిప్పే పద్ధతులు మూడు. ఒకటి, ఇరుసు పైన అడ్డ కర్ర పట్టుకుని నేరుగా సగం చుట్టు అటు, సగం చుట్టు ఇటు. చవక, కానీ మణికట్లు త్వరగా అలసిపోతాయి. రెండోది, మూత మీద నిలువు లివరు, పళ్ళ కమ్మీ, చిన్న పళ్ళ చక్రం. లివరును తోసి లాగితే ఒంటి బరువు కూడా కలిసి వస్తుంది కాబట్టి ఇది మొదటిదానికన్నా చాలా నయం. మూడోది, ఒకే దిక్కున తిరిగే చక్రం నుంచి అటూ ఇటూ తిప్పుడు రాబట్టడం. దీనికి అవసరమైన కొలతలు చెబుతాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

చక్రానికి 10 సెంటీమీటర్ల క్రాంకు (ఇరుసుతో పాటు తిరిగే చిన్న చెయ్యి), 20 సెంటీమీటర్ల ఊగే చెయ్యి, రెంటినీ కలిపే 40 సెంటీమీటర్ల కడ్డీ, రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 45 సెంటీమీటర్లు. ఈ కొలతలతో క్రాంకు ఒక్క చుట్టు తిరిగితే ఊగే చెయ్యి 60 డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. ఆ చేతికి పూర్తి వృత్తంలో 72 పళ్ళు వచ్చే లెక్కన చెక్కిన పళ్ళ ముక్కను బిగించి, డాలీ ఇరుసుకు 12 పళ్ళ చక్రం వేస్తే డాలీ ఒక పూర్తి చుట్టు అటు, ఒక పూర్తి చుట్టు ఇటు తిరుగుతుంది. పళ్ళ ముక్కకు మాత్రం 12 పళ్ళు సరిపోవు. చివర్లలో జత వీడిపోకుండా రెండు వైపులా రెండేసి ఎక్కువ పెట్టండి.

దీనికి ఫ్లైవీల్, అంటే తిప్పిన శక్తిని నిల్వ ఉంచుకునే బరువైన చక్రం కావాలి. కానీ నిమిషానికి 60 చుట్లు తిరిగే ఇరుసు మీదనే 25 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న, బరువంతా అంచులోనే ఉన్న 10 కిలోల చక్రం పెడితే అందులో నిలిచేది 12 జౌళ్లు మాత్రమే. పిడి ఒక్కో చుట్టుకూ మీరు పెట్టే పని 40 జౌళ్లు, కాబట్టి ఆ చక్రం ఉన్నా లేనట్టే. అదే చక్రాన్ని మూడింతల వేగంతో తిరిగే ఇరుసు మీద పెడితే నిల్వ తొమ్మిదింతలై 110 జౌళ్లు దాటుతుంది. అప్పుడు డాలీ దిక్కు మారే క్షణంలో చేతికి కుదుపు తగలదు. బరువైన చక్రం కోసం వెతకడం కన్నా వేగంగా తిరిగే ఇరుసు కోసం ఖర్చు పెట్టండి.

డాలీలో చెడిపోయేవి: మూత మీద అచ్చుపోసిన ఇనుప పళ్ళు (బట్ట ఇరుక్కున్నప్పుడు బలవంతంగా తిప్పితే పన్ను ఊడుతుంది, పోత ఇనుముకు వెల్డింగు అంత తేలిక కాదు), మూత మడత బందులు, పళ్ళ నుంచి బట్టల మీదికి కారే గ్రీజు. ఇరుసు మూతలోకి దిగేచోట కింద ఒక చిన్న గిన్నె ఆకారపు పట్టీ బిగిస్తే చివరిది పోతుంది.

చీర విషయం. ఈ యంత్రాలు చొక్కాలకూ దుప్పట్లకూ పుట్టినవి. ఐదున్నర మీటర్ల చీరను విడిగా వేస్తే మేకుల చుట్టూ తాడులా పేనుకుపోతుంది. నాలుగు మడతలు పెట్టి, వల సంచిలో వేసి, సంచికి ఒక్క చీరే అన్న నియమం పెట్టుకుంటే డాలీలోనూ చీర ఉతకవచ్చు. పట్టు మాత్రం ఇందులో వేయనే వద్దు.

తొట్టినే తిప్పే యంత్రం

న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హాంటన్‌లోని నైన్‌టీన్ హండ్రెడ్ కంపెనీ 'గ్రావిటీ' వాషరు ఈ రకంలో పేరుపడ్డది. ఆ కంపెనీ 1929లో అప్టన్ కంపెనీతో కలిసింది, ఆ కలయికే తర్వాతి కాలపు వర్ల్‌పూల్. దీనిలో డాలీ లేదు. లోపలి గోడలకు గట్లున్న తొట్టి అటూ ఇటూ తిరుగుతుంది, నీరు వెనకబడుతుంది, బట్టలు ఆ రెంటి మధ్యా నలుగుతాయి. ప్రతి ఊపు చివరా స్ప్రింగులూ తొట్టి సొంత బరువూ కలిసి దాన్ని వెనక్కి పంపుతాయి. కాబట్టి మనిషి పెట్టవలసింది రాపిడిలో పోయే శక్తి మాత్రమే.

ఆలోచన గొప్పదే. కానీ ప్రతి యంత్రానికీ తనదైన ఊపు వేగం ఉంటుంది, ఆ వేగంలో తోస్తేనే తేలిక. నీరు ఐదారు లీటర్లు పెరిగినా, బట్టలు ఒక కిలో ఎక్కువైనా ఆ వేగం మారిపోతుంది, కొత్తవాళ్లు దానితో కుస్తీపడతారు. ముందు ఒక్కసారి తోసి వదిలేసి, అది దానంతట అదెలా ఊగుతుందో చూసి ఆ లయలోనే తోయాలి. నేల సమంగా లేకపోతే తొట్టి ఒక వైపే బరువుగా ఊగి చట్రం బోల్టులు వదులవుతాయి. కదిలే బరువంతా పాతిక ముప్పై లీటర్ల నీళ్లతో సహా మీ చట్రం మోయాలి కాబట్టి కట్టుబడి ఖర్చు కూడా ఎక్కువ. భుజం నొప్పి ఉన్నవాళ్లకు, గచ్చు నేల ఉన్న ఇంట్లో, ఎప్పుడూ ఒకే మోతాదు బట్టలు వేసే క్రమశిక్షణ ఉంటే ఇది మంచి ఎంపిక.

అడ్డ డ్రమ్ము

1782లో ఇంగ్లాండులో హెన్రీ సిడ్జియర్ పేటెంటు తీసుకున్న యంత్రంలో కొయ్య కడ్డీల పంజరం పిడితో తిరిగేది. అమెరికాలో 1851లో జేమ్స్ కింగ్, 1858లో హామిల్టన్ స్మిత్ డ్రమ్ము యంత్రాలకు పేటెంట్లు పొందారు. జర్మనీలో ఎర్ఫర్ట్ దగ్గర జాన్ కంపెనీ పొయ్యి మీదే నిలిపి, డ్రమ్ము తిప్పుతూ బట్టలను ఉడికించే ఆవిరి యంత్రాన్ని అమ్మింది. ఇప్పుడు బ్రిటన్‌లోని వాషింగ్ మెషిన్ ప్రాజెక్ట్ శరణార్థి శిబిరాలకు పంచుతున్న 'దివ్య' కూడా పిడితో తిరిగే డ్రమ్మే. దాని ఆలోచన మొలకెత్తింది తమిళనాడు పల్లెలో. రెండు వందల నలభై ఏళ్ల తర్వాత కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కూడా డ్రమ్మునే ఎంచుకున్నారంటే కారణముంది.

ఆ కారణం లెక్కలో కనిపిస్తుంది. 45 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము నిమిషానికి 63 చుట్లు తిరిగితే బట్టలు గోడకు అతుక్కుని కింద పడవు. ఉతుకు జరగాలంటే అందులో మూడింట రెండు వంతుల వేగం, అంటే 40 చుట్ల దగ్గర ఉండాలి. ఆ 40 చుట్లే మనిషి చెయ్యి హాయిగా తిప్పే వేగం. కాబట్టి పళ్ళ చక్రాలు అక్కర్లేదు, పిడిని నేరుగా డ్రమ్ము ఇరుసుకే బిగించవచ్చు. డ్రమ్ము పెద్దది చేసినకొద్దీ వేగం తగ్గించాలి, చిన్నదైతే పెంచాలి. 30 సెంటీమీటర్ల డ్రమ్ముకు 50 చుట్లు కావాలి, పడే ఎత్తు తక్కువ కాబట్టి ఉతుకూ మందంగా ఉంటుంది. 45 సెంటీమీటర్లు మధ్యేమార్గం.

బరువు సంగతి. 3 కిలోల పొడి బట్టలు తడిస్తే సుమారు 9 కిలోలు. ఆ బరువు డ్రమ్ము మధ్య నుంచి 12 సెంటీమీటర్లు పక్కకు ఎత్తుకుని తిరుగుతుందనుకుంటే 25 సెంటీమీటర్ల పిడి మీద 4.3 కిలోల బలం పడుతుంది. మొదట చెప్పిన మోతాదుకు సరిగ్గా దగ్గర. అదే డ్రమ్ములో 6 కిలోలు పడతాయి కదా అని కూరితే పిడి మీద ఎనిమిదిన్నర కిలోలు పడతాయి. పైగా బట్టలు ఎగిరి పడటానికి చోటు ఉండదు, తిప్పినా ఉతకవు. డ్రమ్ము ఘనపరిమాణం చూసి బట్టలు వేయవద్దు, చెయ్యి చూసి వేయండి.

డ్రమ్ము పొడవు 40 సెంటీమీటర్లు, బయటి తొట్టి వ్యాసం 50, పొడవు 45 అయితే, తొట్టిలో 15 సెంటీమీటర్ల లోతు నీటికి 22 లీటర్లు సరిపోతాయి. డాలీకి కావలసినదానిలో సగం కూడా కాదు. నీటి ట్యాంకరు కోసం ఎదురుచూసే చోట ఈ ఒక్క అంకే ఎంపికను తేల్చేస్తుంది. ఇరుసు అడుగు నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, నీరు 15 దగ్గరే ఆగుతుంది. సీలు సమస్యే లేదు. ఇరుసు చుట్టూ చిందే తుంపర్లకు రబ్బరు వాషరు ఒకటి చాలు.

డ్రమ్ము రంధ్రాలు 6–8 మిల్లీమీటర్లు, లోపలి అంచులు ఆకురాయితో నున్నగా తీసినవి. చేత్తో తడిమినప్పుడు గీరుకునే రంధ్రం ప్రతిదీ ఒక చీర పోగు లాగుతుంది. లోపల మూడు గట్లు, ఐదారు సెంటీమీటర్ల ఎత్తు. గట్లు లేకపోతే బట్టలు అడుగున జారుతూనే ఉంటాయి, ఎత్తి పడేయడం జరగదు. ఎనిమిది పది చుట్లకొకసారి దిక్కు మార్చాలి. పదిహేను నిమిషాలు చాలు, తర్వాత రెండు సార్లు జాడింపు, ఒక్కోటి నాలుగైదు నిమిషాలు.

డ్రమ్ములో బలహీనమైన చోటు తలుపు గడియ. తిరుగుతున్నప్పుడు అది వీడితే తలుపు బయటి తొట్టికి తగిలి వంగిపోతుంది, బట్ట మధ్యలో చిరుగుతుంది. ఒక్క గడియకు బదులు రెండు పెట్టండి, తలుపు రేకు లోపలి వైపు నుంచి ఆనుకునేలా ఉండాలి, అప్పుడు బట్టల బరువే దాన్ని మూసి ఉంచుతుంది. తలుపుకు ఎదురుగా సమ బరువు వేయడం మరిచిపోతే డ్రమ్ము ఎప్పుడూ తలుపు కిందికొచ్చే ఆగుతుంది, తీసి వేయడానికి ఒక చేత్తో పట్టుకోవలసి వస్తుంది.

గాలి చొరకుండా బిగించి, వేడి నీటి ఒత్తిడితో ఉతికే చిన్న డ్రమ్ములు కూడా దొరుకుతాయి. గోరువెచ్చని నీళ్ల వరకే వాటిని వాడండి. మూసిన పాత్రలో మరిగే నీళ్లు పోసి తిప్పితే మూత తీసేటప్పుడు ముఖం మీదికి చిమ్ముతుంది.

పిండే రోలర్లను మరవొద్దు

ఉతికే యంత్రం మీదే డబ్బంతా పెట్టి పిండేదాన్ని వదిలేయడం పెద్ద పొరపాటు. అసలు శ్రమ ముంజేతుల మీద పడేది పిండేటప్పుడే. కెనడాలోని సెయింట్ జాన్‌లో జాన్ టర్న్‌బుల్ 1843లోనే ఉతికే యంత్రానికి పిండే రోలర్లు జోడించి పేటెంటు తీసుకున్నాడు. రబ్బరును గట్టిపరచే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందాక అలాంటి రబ్బరు రావడంతో రోలర్లు బొత్తాలను కొంత మన్నించగలిగాయి. 3 కిలోల బట్టలు ఆరు లీటర్ల దాకా నీరు పట్టుకుంటాయి. రోలర్లలోంచి ఒకసారి పోతే దాదాపు తమ బరువంత నీరే మిగులుతుంది. వానాకాలంలో ఆరడానికి పట్టే సమయం సగానికి పడిపోతుంది.

రోలర్లు 28–30 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వ్యాసం. రెండింటికీ పళ్ళ చక్రాలు ఉండాలి, ఆ పళ్ళు మామూలుకన్నా పొడుగ్గా ఉండాలి. మందపాటి దుప్పటి దూరినప్పుడు రోలర్లు ఎడమవుతాయి, పొట్టి పళ్ళు జత వీడిపోతాయి. అప్పుడు ఒక రోలరే తిరిగి బట్టను లాగి చింపుతుంది. ఒత్తిడికి పైన స్క్రూ, దాని కింద పట్టీ స్ప్రింగు. పని అయ్యాక స్క్రూ వదులు చేయాలి, లేకపోతే రబ్బరు ఆనిన చోట చదునైపోయి ఆ తర్వాత ప్రతి చుట్టుకూ గతుకుతుంది. బొత్తాలు లోపలికి మడిచి, బట్ట మధ్యలోంచి కాక మూల నుంచి అందించాలి. పిల్లలున్న ఇంట్లో పిడి ఊడదీసి పైన పెట్టండి.

కొయ్య, రేకు, సబ్బు

అమెరికా తయారీదారులు తొట్టికి సైప్రస్, దేవదారు జాతి కొయ్యలు వాడారు. ఎక్కువ కాలం తడిలో ఉన్నా కుళ్లవు కాబట్టి. మన దగ్గర చేయిస్తే టేకు మంచిదే, కానీ మొదటి కొన్ని వారాలు గోధుమ రంగు దిగుతుంది. వేడి సోడా నీళ్లతో మూడు నాలుగు సార్లు కడిగాకే తెల్ల బట్టలు వేయాలి. పనస కొయ్య పసుపు రంగు వదులుతుంది. నల్లతుమ్మలో వగరు పదార్థం ఎక్కువ, ఇనుప మేకు తగిలిందంటే నల్లటి మరకలు పడతాయి, అవి బట్టకు అంటితే పోవు. కొయ్య తొట్టిని ఎండబెట్టకూడదు. పలకలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి. అడుగున ఎప్పుడూ నాలుగు వేళ్ల నీళ్లు ఉంచండి, ఎండిపోతే లక్క పూయకుండా ఒక రోజు నానబెట్టి చూడండి, చాలావరకు సందులు వాటంతట అవే మూసుకుంటాయి.

వాడకానికే అయితే స్టెయిన్‌లెస్ డ్రమ్ము, ప్లాస్టిక్ పీపాను పొడవునా కోసిన తొట్టి అన్నిటికన్నా సుఖం. అల్యూమినియం తొట్టిలో చాకలి సోడా వేయవద్దు, లోహాన్ని తినేస్తుంది. జింకు పూత రేకును కూడా సోడా నెమ్మదిగా తింటుంది, పూత పోయిన చోట తుప్పు మరకలు మొదలవుతాయి.

బోరు నీళ్లు గట్టిగా ఉండే ఊళ్లలో సబ్బు బిళ్ల తురిమి వేస్తే తెట్టు కట్టి బట్టలకు బూడిద రంగు అంటుతుంది. ముందు కొద్దిగా సోడా కలిపి నీటిని మెత్తబరచాలి, లేదా పౌడరు వాడాలి. పౌడరు మామూలు మోతాదులో సగమే. నురగ ఎక్కువైతే డ్రమ్ములో బట్టలు నురగ మీద పడి దెబ్బ తగలదు, తిప్పిన శ్రమ వృథా.

పాతది కొనాలంటే

అమెరికాలో ఉన్నవాళ్లకు పల్లెల్లో వేలం పాటల్లో, పాత వస్తువుల దుకాణాల్లో డాలీ, గ్రావిటీ రకాలు కనిపిస్తాయి. ముందు మూత తీసి పళ్ళన్నీ లెక్కపెట్టండి. ఒక్క పన్ను లేకపోయినా ఆ భాగం విడిగా దొరకదు, అచ్చు పోయించాలి. ఇరుసును పక్కలకు కదిపి చూడండి, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు ఆడితే బుష్షు (ఇరుసు తిరిగే చోట తొడిగే గొట్టం) మార్చుకోవచ్చు, అంతకన్నా ఆడితే మూత చెక్కే అరిగిపోయిందన్నమాట. తొట్టి అడుగు పలకలను వేలి గోరుతో నొక్కండి, దిగబడితే పుచ్చిందని అర్థం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకవద్దు. అన్నిటికన్నా ముఖ్యం: అమ్మేవాళ్లను అడిగి ఒక బకెట్ నీళ్లు పోయించి పది చుట్లు తిప్పండి. ఖాళీ తొట్టిలో తేలిగ్గా తిరిగేదంతా నీళ్లు పోశాక తిరగదు.